మూడో అంతస్తు ముగ్గు

నూట నలభై మూడు, నూట నలభై నాలుగు, ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద, చూపు బంతి మీద, నూట నలభై అయిదు, బంతి గోడకి కొట్టుకుని తిరిగొచ్చి కర్ర చివరున్న తోలువలలో పడీ పడనట్టు ఆగి, అంచు మీంచి జారి నాన్న కారు కిందికి దొర్లిపోయింది. జారితే మళ్ళీ ఒకటి నుంచి. ఆ రూలు మిస్ టాల్బట్‌ది. మూడు వందలు జారకుండా పట్టిన రోజున నీకు రెండు చేతులున్నట్టు, అందాకా నీది ఒంటి చెయ్యే అంటుంది ఆవిడ. ఇవాళ ఆగస్టు ఇరవై ఎనిమిది. సెప్టెంబరు పదికి ఇంకా పదమూడు రోజులు. నిత్య పార్కింగ్ సిమెంటు నేల మీద బోర్లా పడుకుని, కర్రతో కారు కింద తడుముతూ ఆ పదమూడుని మళ్ళీ లెక్కపెట్టుకుంది, ఇంకోసారి లెక్కపెడితే పద్నాలుగవుతాయేమో అన్నట్టు. దొరికింది. టెన్నిస్ బంతి. అసలు బంతి గట్టి రబ్బరుది, గోడకి తగిలితే తుపాకీ పేలినట్టుంటుంది. ఇరాక్ సైన్యం వచ్చిన మొదటి వారంలో ఆ చప్పుడుకి మొదటి అంతస్తు అమీనా బీ మంచం కింద దూరి అరగంట బయటికి రాలేదు. "బిడ్డా, నీ ఆటతోనే నా పాణం పోతది, ఇగ ఫౌజు దాకా ఎందుకు" అని తర్వాత నవ్వింది గానీ ఆ నవ్వులో పళ్ళు టకటకమన్నాయి. అప్పట్నుంచి టెన్నిస్ బంతి. ఒకటి, రెండు, మూడు.

లక్రాస్ అంటే ఏమిటో విజయవాడలో ఎవరికీ చెప్పి ఒప్పించలేకపోయింది. కర్ర చివర చిన్న వల, వలలో బంతి, దాన్ని ఉయ్యాల్లో పిల్లని ఊపినట్టు ఊపుకుంటూ పరిగెత్తాలి, అవతలి పిల్లలు కర్రలతో కొట్టి పడేసేలోపు గోల్లోకి విసరాలి. మామిడికాయలు కోసే చిక్కమా అన్నాడు మామయ్య. పద్నాలుగు నెలల క్రితం తనకీ తెలీదు. స్కూల్లో ఆటల టీచరుగా కొత్తగా వచ్చిన మిస్ టాల్బట్, పొడుగు మనిషి, ముక్కు మీద ఎండకి పొక్కిన చర్మం, పద్దెనిమిది కర్రలు సొంత డబ్బుతో తెప్పించి మైదానంలో పరిస్తే పద్దెనిమిది మంది వచ్చారు, వేసవికి ముగ్గురు మిగిలారు, చలికాలానికి నిత్య మిగిలింది. ఆవిడే నిత్య ఆటని వీడియో తీసి అమెరికాలో తను చదివిన కాలేజీకి పంపింది. నిత్యకి అక్కడ సీటు వచ్చేసింది, సీటుతో ఇబ్బంది లేదు, జనవరిలో చేరినా చేర్చుకుంటారు. టీములో చోటు సంగతి వేరు. ఆ కాలేజీ కోచ్ రాసిన ఉత్తరం నిత్యకి కంఠతా వచ్చు. నువ్వు ఆడింది పద్నాలుగు నెలలు, ఇక్కడికొచ్చే అమ్మాయిలు ఎనిమిదో ఏట నుంచి ఆడుతున్నారు, నీకు పరుగుంది, చూపుంది, ఎడమ చెయ్యి లేదు, సెలెక్షన్ సెప్టెంబరు పదిన, మళ్ళీ ఇంకోసారి పెట్టను. పదకొండు, పన్నెండు. ఎడమ చెయ్యి రావాలంటే అన్ని పనులూ ఎడమ చేత్తోనే చెయ్యి, తలుపులు తియ్యి, పళ్ళు తోముకో, రాయి, తిను అంది మిస్ టాల్బట్. తినడం దగ్గరే వచ్చింది గొడవంతా. ఇవాళ పొద్దున కూడా. ఉప్మా ప్లేటు ముందు పెట్టి అమ్మ చేతులు నడుం మీద వేసుకుంది. "ఎడం చేత్తో అన్నం తినే పిల్లని కన్నానని మీ నానమ్మకి తెలిస్తే అక్కడే పడిపోతుంది." "ఉప్మా అన్నం కాదమ్మా." "నోట్లోకి పోయేదంతా అన్నమే." చెంచా ఇస్తే ఏ చేత్తోనైనా తింటాలే అని తను, ఉన్న చెంచాలన్నీ మీ టీచరమ్మకి పైకి పంపానని అమ్మ, ఇంకా అమ్మ ఏదో అంటూనే ఉంది, పైన అని ఏదో, నిత్య వినిపించుకోలేదు.

మీ టీచరమ్మ. ఇరవై, ఇరవై ఒకటి. మీ టీచరమ్మ ఇప్పుడు సరిగ్గా తన నెత్తి మీద మూడో అంతస్తులో ఎడమవైపు ఫ్లాట్లో, తెరలు దించి, బూట్లు విప్పి, కుళాయి కూడా సన్నగా తిప్పుకుంటూ పన్నెండు రోజులుగా కూర్చుని ఉంది. ఆ ఇల్లు అబూ సమీర్ వాళ్ళది. జులైలో సెలవులకి అమ్మాన్ వెళ్తూ, మొక్కలకి నీళ్ళు పొయ్యమని అమ్మకి తాళం చెవి ఇచ్చి వెళ్ళారు. అమెరికన్లూ బ్రిటిష్‌వాళ్ళూ ఫలానా హోటళ్ళకి వచ్చి లొంగిపోవాలని రేడియోలో చెప్పిన రోజున, మిస్ టాల్బట్ అమీనా బీ ఇచ్చిన నల్ల అబాయా వేసుకుని, నీలి కళ్ళు ఒళ్ళోకి దించుకుని, నాన్న కారు వెనక సీట్లో జాబ్రియా నుంచి హవల్లీకి వచ్చింది. దారిలో రెండు చెక్‌పోస్టులు. రెండిటి దగ్గరా నాన్న చెమటతో తడిసిన నివాసపు కార్డు, ఇఖామా, చూపించి, ఆవిడ మా అత్తగారు, చెవుడు అన్నాడట. హోటళ్ళకి వెళ్ళినవాళ్ళని ఎక్కడెక్కడికో తీసుకుపోయారు, ఆనకట్టల దగ్గరా ఫ్యాక్టరీల దగ్గరా బాంబులు పడకుండా అడ్డం కూర్చోబెట్టారు. వాళ్ళని దాచినవాళ్ళకి ఉరి అని మొన్న అదే రేడియోలో. ముప్పై. నిత్య ఆ సంగతి ఆలోచించదు. ఆలోచించేది ఇంకొకటి, అది లెక్కకి అడ్డం పడుతూ ఉంటుంది. మిస్ టాల్బట్‌కి జులై ఇరవై ఎనిమిదిన టికెట్ ఉంది. ఇరవై నాలుగున ఉత్తరం వచ్చింది. ఇరవై అయిదున స్కూలు మైదానంలో, నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో, ఒక్క వారం ఆగరా మిస్, ఎడమ చెయ్యి ఒక్కటి చూపించి వెళ్ళరా అని అడిగింది ఎవరు? ఆవిడ ఆలోచించలేదు కూడా. సరే అని, టికెట్ ఆగస్టు నాలుక్కి మార్చుకుంది. రెండో తారీఖు తెల్లవారేసరికి గల్ఫ్ రోడ్డు మీద ట్యాంకులున్నాయి. ఒక్క వారం. ముప్పై నాలుగు. జారింది. ఒకటి.

"పాపా, ఆట సాలు."

పెంచల్ ర్యాంపు మొదట్లో నిలబడి ఉన్నాడు. ఈ బిల్డింగుకి హారిస్ ఆయన, కాపలా, నీళ్ళ మోటారు, చెత్త, అద్దె వసూలు, అన్నీ ఆయనే, రాజంపేట వదిలి పంతొమ్మిదేళ్ళు. ఎప్పుడూ పరిగెత్తని మనిషి ఇప్పుడూ పరిగెత్తలేదు, భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "లారీ వచ్చి నిలబడుండాది బయట. ఎనిమిది మంది దిగినారు. ఇంటింటికీ ఎక్కుతాండారు, పక్క బిల్డింగు అయిపాయ. నువ్వు బిరీన పైకి పో, తలుపేసుకో. నేను వాళ్ళకి మోటారు రూము చూపిస్తా, నా రూము చూపిస్తా, చాయ్ తాగుతారా అంటా. ఐదు నిమిషాలు. ఎంత లాగినా పది."

"పైన..." అంది నిత్య.

"పైన ఎవురూ లేరు. తాళమేసిన ఇల్లు. మొన్న దుమ్ము తుఫానుకి గుమ్మాల ముందర ఇసక మేటేసింది, నేనే ఊడ్చకుండా వదిలేసినా. తిరునాళ్ళకి పోయినోళ్ళ ఇల్లు మాదిరి ఉండాది. చూసినోడు నమ్మల్ల. పో."

మెట్ల దగ్గరికి నాలుగడుగులు వేసింది, అయిదో అడుగు పడలేదు. ఇసక. గుమ్మం. పొద్దున వినిపించుకోని మాట ఇప్పుడు వినిపించింది, అమ్మ గొంతుతో సహా, పోపు గింజల వాసనతో సహా. చెంచాలన్నీ పైకి పంపాను, పైన గుమ్మం చూస్తే ప్రాణం ఉసూరుమంది, పాపం మనిషి ఉంటున్న ఇల్లు అలా బోసిగా ఉంచుతామా, నాలుగు గీతలు గీసొచ్చాను.

నాలుగు గీతలు. ఖాళీ ఇంటి ముందు, ఇసక పేరుకున్న వసారాలో, శుభ్రమైన గుమ్మం ముందు తెల్లటి ముగ్గు. ఇక్కడ మనిషి ఉంది అని అరబ్బీలో బోర్డు రాసి పెట్టినా అంత బాగా తెలియదు. నిత్య మెట్లెక్కుతోంది. లిఫ్ట్ ఆగిపోయి మూడు వారాలైంది. రెండేసి మెట్లు, చూపు పాదాల మీద వద్దు, పైనున్న మలుపు మీద పెట్టు, ఇక్కడ కొండలు లేవు కాబట్టి మెట్లే నీ కొండలు అని స్కూలు గ్యాలరీ మెట్లు రోజుకి ముప్పైసార్లు ఎక్కించింది ఆవిడే, గడియారం పట్టుకుని, ఒకసారి నిత్య పదిహేనో మారు కూలబడి ఏడిస్తే పక్కన కూర్చుని తన షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటూ, నేను మొదట గోల్‌కీపర్‌గా చేరాను తెలుసా, ఎందుకంటే ఎవరూ నన్ను పరిగెత్తనివ్వలేదు అంది. అప్పుడు ఆవిడకి పదహారేళ్ళట. ఆవిడా ఆలస్యంగానే మొదలుపెట్టింది. అందుకే ఆగిందా? ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళంటే ఆవిడకి జాలా, తనంటేనా? మొదటి అంతస్తు. అమీనా బీ తలుపు సందులోంచి ఒక కన్ను. నిత్య ఆగకుండా వేలు పెదాల మీద పెట్టి చూపించింది. కన్ను మాయమైంది. చేతిలో కర్ర అలాగే ఉంది, ఎందుకు తెచ్చిందో తెలీదు, కింద వదిలేస్తే బాగుండేది, ఇప్పుడు వెనక్కి వెళ్ళలేదు. వెనక్కి వెళ్ళగలిగితే జులై ఇరవై అయిదుకి వెళ్తుంది. మైదానం, ఎండ, తను నోరు తెరుస్తుంది, ఏమీ అడగదు, హ్యాపీ జర్నీ మిస్ అంటుంది. ఆవిడ విమానం ఎక్కుతుంది. అంతే. ఎంత చిన్న మాట.

రెండో అంతస్తులో తమ తలుపు తెరిచే ఉంది. అమ్మ నేల మీద కూర్చుని చేటలో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కొట్లో బియ్యం అయిపోయాక ఇలా రాళ్ళ బియ్యమే దొరుకుతోంది, అందులోనే ఒక గ్లాసు పక్కకి తీసి పైకి వండుతోంది.

"అమ్మా, పైన ముగ్గేశావా?"

"వేశాను. పొద్దున చెప్తే చెవిన పెట్టావా? ఏమిటా రొప్పు, గుర్రంలా?"

"సైన్యం. కింద ఉన్నారు. ఇళ్ళు వెతుకుతున్నారు."

అమ్మ చేట కింద పెట్టింది. అమ్మ భయపడితే మొహం ఎలా ఉంటుందో పదిహేడేళ్ళలో నిత్య చూడలేదు. ఇప్పుడూ మొహం ఏమీ మారలేదు, ఒక చెయ్యి మాత్రం పక్కనున్న కొంగుని వెతుక్కుంది. "చెరిపేద్దాం. తడిగుడ్డ తీసుకెళ్ళు."

"ఊడ్చావా? కడిగావా?"

"కడక్కుండా ముగ్గెలా వేస్తారే?"

కడిగింది. అంటే ముగ్గు చెరిపినా, ఇసక మేట మధ్యలో కడిగిన నేల అలాగే ఉంటుంది. కడిగిన దాని మీద మళ్ళీ ఇసక పొయ్యలేరు, తుఫాను పోసినట్టు మనిషి పొయ్యలేడు, గుప్పెట్లతో జల్లినట్టు తెలిసిపోతుంది. మిస్ టాల్బట్‌ని కిందికి తేవాలా? మెట్లు ఒక్కటే దారి. డాబా మీదికా? తాళం పెంచల్ దగ్గర. నిత్య బుర్ర గోడకి కొట్టిన బంతిలా వెళ్ళింది, వచ్చింది, వెళ్ళింది. ఆడేటప్పుడు ఒక్కోసారి బంతి దాచడానికి దారుండదు, అవతలి పిల్ల మీదికే వచ్చేస్తుంది, అప్పుడేం చెయ్యాలి? మొదటి వేసవిలో మిస్ టాల్బట్ ముగ్గురు పిల్లల్ని దగ్గరగా నిలబెట్టి, కర్రలన్నీ ఒక్కలాగే ఊపుతూ మూడు వైపులకి పరిగెత్తించింది. బంతి ఎవరి దగ్గరుందో నాకు తెలియకూడదు, బంతి లేనివాళ్ళు ఉన్నట్టే పరిగెత్తండి. బంతి లేనివాళ్ళు ఉన్నట్టే.

"అమ్మా, అన్ని గుమ్మాల ముందూ వేసెయ్యాలి. మన ఎదురింటికీ, పైన ఎదురింటికీ. అన్నీ కడిగి, అన్నిటి ముందూ ముగ్గేస్తే, మనకి అది అలవాటు, అంతే. ఏ ఇంట్లో ఎవరున్నారో దాన్నిబట్టి తెలీదు."

అమ్మ రెండు క్షణాలు చూసింది. లేచి రెండు బకెట్లు తెచ్చింది, ముగ్గుపిండి పోసుకునే హార్లిక్స్ సీసా తెచ్చింది, సగం గిన్నెలో ఒంపింది. "నేను ఇక్కడ వేస్తాను, వాళ్ళొచ్చేసరికి నేను మన గుమ్మంలో ఉండాలి, లేకపోతే అనుమానం. నువ్వు పైకి పో. చుక్కలు ముందు పెట్టుకో. అయిదు, మూడు, ఒకటి. కంగారుపడి గీత తెంపకు." ఆవిడ అప్పటికే ఎదురింటి ముందు నీళ్ళు కొట్టేసింది. కింద ఎక్కడో పెంచల్ గొంతు, పెద్దగా, మామూలుకంటే చాలా పెద్దగా, మోటారు గురించి అరబ్బీలో.

మూడో అంతస్తులో ఎడమవైపు అమ్మ వేసిన ముగ్గు. నాలుగు గీతలట. తొమ్మిది చుక్కల మెలికల ముగ్గు, ఎక్కడా చెయ్యి ఆగిన గుర్తు లేదు, దారం విప్పి పరిచినట్టు సన్నగా, ఒక్కలాగ. దాని వెనక చెక్క తలుపు. తలుపు వెనక మిస్ టాల్బట్ ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది, అడుగుల చప్పుడు విని, నీళ్ళ చప్పుడు విని. ఎవరో తెలీదు ఆవిడకి. నేనే మిస్ అనాలనిపించింది. అనకూడదు. మెట్లలో గుసగుస కూడా కింది దాకా జారుతుంది. నిత్య కుడివైపు తలుపు ముందు బకెట్ ఒంపింది. అది ఈజిప్టు మాస్టారి ఇల్లు, సెలవులకి కైరో వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఇసక బురదై మెట్ల మీదికి పాకింది, చీపురుతో తోసింది, ఎండకి నేల చూస్తుండగానే ఆరుతోంది. కూర్చుంది. అయిదు చుక్కలు. చెయ్యి చెమటకి పిండి వేళ్ళకే అంటుకుంటోంది, చుక్క పడాల్సిన చోట ముద్ద పడుతోంది. ఆఖరిసారి ఎప్పుడు వేసింది? ఏడో తరగతిలో, పండక్కి, రమాదేవి టీచరు పెట్టిన పోటీలో, మూడో గీతకే విసుగొచ్చి లేచిపోయింది. అమ్మ రోజూ పొద్దున పిలిచేది, రావే, ఇది వస్తే చెయ్యి కుదురుతుంది. తనకి పరుగు కావాలి, కుదురు అక్కర్లేదు. ఎనిమిదో ఏట నుంచి ఆడుతున్న అమ్మాయిల సంగతి పక్కన పెడితే, ఎనిమిదో ఏట నుంచి ముగ్గులు వేస్తున్న అమ్మాయిలు ఎంతమంది లేరు, వాళ్ళలో ఒక్కతి ఇప్పుడిక్కడ ఉంటే ఎంత బాగుండేది. అయిదు, మూడు, ఒకటి. చుక్కలు వరసగా లేవు. గీత ఎక్కడ తిరగాలో మర్చిపోయింది. ఎడమ వైపు ముగ్గు చూసి వెయ్యబోయింది, అది తొమ్మిది చుక్కలది, అర్థం కాలేదు. మొదటి అంతస్తులో తలుపు దబదబమంది. అమీనా బీ భర్త అబ్దుల్ ఖుద్దూస్ సలాం చెప్తున్నాడు. అమీనా బీ గొంతు, ఉర్దూలో, రండి బాబూ, చెప్పులు విప్పక్కర్లేదు, మంచం కింద చూడండి, అక్కడ ఇప్పటిదాకా నేనే ఉన్నాను. పెంచల్ దాన్ని అరబ్బీలో చెప్తే ఎవడో నవ్వాడు. బూట్లు. ఎదురింటి తలుపు మీద తుపాకీ మడమ. చెక్క విరిగిన చప్పుడు. ఖాళీ ఇళ్ళ తలుపులు పగలగొడుతున్నారు.

ఆ చప్పుడుతో చెయ్యి ఎగిరింది, గీత చుక్కని దాటి ఎక్కడికో పోయింది. తుడిచింది, తుడిచిన చోట తెల్ల మరక పడింది. దాని మీదే మళ్ళీ గీసింది. బూట్లు రెండో అంతస్తుకొచ్చాయి. అమ్మ గొంతు, హిందీలో, నెమ్మదిగా, బిడ్డ పైన ముగ్గేస్తోంది, చిన్నపిల్ల, కేకలెయ్యకండి. అమ్మ ఎవరికీ ఎప్పుడూ కేకలెయ్యకండి అని చెప్పలేదు, అమ్మే కేకలేస్తుంది. ఎదురింటి తలుపు విరిగింది. రెండు తలుపులూ పగలగొట్టారు, ఖాళీవి రెండూ. ఇంక పైన రెండున్నాయి. నిత్యకి అప్పుడు తెలిసింది, ముగ్గుతో పనిలేదని. ముగ్గున్నా లేకున్నా రెండూ పగలగొడతారు. బంతి లేనివాళ్ళు ఎలా పరిగెత్తితే ఏం, అందర్నీ కొట్టి పడేస్తే? లేవాలి. ఏదో చెయ్యాలి. ఏం చెయ్యాలో తెలీక గీత పూర్తి చేసింది.

అధికారి ముందొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, గడ్డం నాలుగు రోజులది, కళ్ళ కింద నల్లగా, నిద్రలేని మనిషి. వెనక నలుగురు కుర్ర సైనికులు, ఒకడి చంకలో ఎదురింటి క్యాసెట్ ప్లేయరు. వాళ్ళ వెనక పెంచల్, తువ్వాలు తలకి చుట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు నవ్వుతూ. అధికారి నిత్యని చూశాడు, నేల మీదున్న కర్రని చూశాడు, బూటుతో దాన్ని కదిపాడు. ఇదేమిటని అడిగాడు. ఆ మాట నిత్యకి అర్థమైంది. పేరు చెప్తే అమెరికా ఆట. పెంచల్ వంక చూసింది.

"హాకీ, సిదీ" అన్నాడు పెంచల్. "హిందీవాళ్ళు కదా, హాకీ."

అధికారి వల వంక చూశాడు. "వల ఉంది."

"ఆడపిల్లల హాకీ, సిదీ. బంతి పారిపోకుండా."

సైనికుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. అధికారి నవ్వలేదు. చూపు నేల మీదికి దించాడు. కడిగిన వసారా, రెండు తలుపులు, రెండు ముగ్గులు. ఇవేమిటన్నాడు. హిందువుల పద్ధతి, గుమ్మం ముందు వేస్తే ఇంటికి బరకా, దేవుడి దీవెన, అన్నాడు పెంచల్. ఖాళీ ఇళ్ళకి కూడానా అని ఆయన, ఈ పాప వాళ్ళమ్మకి బరకా కొంచెం ఎక్కువ, పెట్టుకోడానికి చోటు చాలక ఇక్కడ పెడుతుందని పెంచల్. కింద, ఆ ముసల్మాన్ల అంతస్తులో లేదే అన్నాడు. వాళ్ళ గుమ్మం ముందు వాళ్ళనడక్కుండా వెయ్యదు సిదీ, మర్యాద తెలిసిన మనిషి. ఆ మాటలన్నీ నిత్య చెవుల్లో సగం సగం పడుతున్నాయి. ఆమె చూస్తున్నది ఆయన కళ్ళని. అవతలి పిల్ల కళ్ళు చూడు, కర్ర చూడకు, కళ్ళు ఎటు పోతే మనిషి అటు వస్తుంది. ఆ కళ్ళు ఎడమవైపు ముగ్గు మీదికి పోయాయి. మెలిక వెంట మెల్లగా తిరిగాయి, ఒక కొస నుంచి ఇంకో కొసకి, ఇంట్లో ఎవరో అల్లిన లేసు గుడ్డని చూస్తున్నట్టు. కుడివైపుకి వచ్చాయి. ఆగాయి. తుడిచిన మరక. ఎగిరిపోయిన గీత. ఇంకా తడి ఆరని అంచు. నిత్య చేతులు, మోచేతుల దాకా తెల్లగా.

"ఇది ఇప్పుడు వేసింది" అన్నాడు అధికారి. పెంచల్ నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు నవ్వడం మానేశాయి. "అది పొద్దున వేశారు. పద్ధతిగా ఉంది. ఇది ఇప్పుడు, మేం కింద ఉండగా. చేతులు వణికాయి. ఎందుకు వణికాయి?" నిత్యకేసి తిరిగాడు. "ఈ తలుపు ముందు కూర్చోడానికి నీకేం తొందర? లోపల ఎవరు?"

కుడివైపు తలుపు. ఆయన బూటు కుడివైపు తలుపుని చూపిస్తోంది. ఎవరూ లేరు అంది నిత్య, అరబ్బీలో, అది నిజమే కాబట్టి ఇంకా అబద్ధంలా వినిపించింది. తెలియకుండానే ఆ తలుపుకి అడ్డంగా జరిగింది. ఎందుకు జరిగిందో ఆ క్షణంలో అడిగితే చెప్పలేదు. బంతి లేనివాళ్ళు ఉన్నట్టే. ఒక సైనికుడు భుజం పట్టుకుని పక్కకి లాగాడు. మొదటి దెబ్బకి తాళం ఊగింది, రెండో దెబ్బకి చెక్క చీలింది, మూడో దెబ్బకి తలుపు లోపలికి పడి, నలుగురూ వంకర ముగ్గు మీంచి ఒకేసారి దూసుకుపోయారు. తెల్ల బూటు గుర్తులు లోపలిదాకా. గదుల్లో అరుపులు. బీరువా తలుపులు. మంచం ఈడ్చిన చప్పుడు. ఎడమ వైపు తలుపు వెనక ఏమీ లేదు, శూన్యం, ఒక మనిషి ఇంత నిశ్శబ్దంగా ఉండగలదా, మిస్ టాల్బట్ నడిస్తే స్కూలు వరండా అంతా తెలిసేది. లోపల వెతుకుతున్నారు, వెతుకుతున్నారు, ఒకడు దుప్పటి కప్పిన టీవీ తెచ్చాడు, ఇంకొకడు వీడియో ప్లేయరు, మూడోవాడు కిటికీలోంచి ఏసీ ఊడదీసి ఒక్కడే మొయ్యలేక నాలుగోవాణ్ణి పిలిచాడు. అధికారి చివర వచ్చాడు, ఖాళీ చేతుల్తో. మొహంలో కోపం కాదు, విసుగు. నిత్య వంక చూశాడు, తన ఊహ ఎక్కడ తప్పిందో ఆ పిల్ల మొహంలో రాసి ఉందేమో అన్నట్టు. ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళాడు. మునివేళ్ళతో ఒక్కసారి కొట్టాడు, చెవి పెట్టాడు. టీవీ మోస్తున్నవాడు మెట్ల మలుపులో తూలి, టీవీ గోడకి తగిలి, కిందినుంచి బూతులు, పగిలిందా పగిలిందా అని అరుపులు. అధికారి చిరాగ్గా నాలుక చప్పరించాడు. ఎడమ తలుపు ముందున్న ముగ్గు తొక్కకుండా వెనక్కి ఒక పెద్ద అంగ వేసి, కిందికి దిగిపోయాడు.

లారీ స్టార్టయి, దూరమై, వినిపించకుండా పోయేదాకా నిత్య గోడకి వీపు ఆనించి కూర్చునే ఉంది. అమ్మ వచ్చింది, ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ. వెనక పెంచల్. "గేటు మీద రంగుతో గీత గీసినారు, చూసిన ఇల్లని గుర్తు" అన్నాడు. "మళ్ళా వస్తారు అయినా. టీవీ రుచి మరిగినారు." పెంచల్ పగిలిన తలుపు వంక చూసి, తొక్కేసిన ముగ్గు వంక చూసి, నిత్య వంక చూశాడు. "పాపా, నువ్వేసినావా అది? మా ఊర్లో కోళ్ళు ఇంకా బాగేస్తాయి."

నిత్య నవ్వింది, నవ్వు ఆగలేదు, అమ్మ వచ్చి తల పొట్టకి అదుముకుంటే అది ఏడుపైంది. తలుపు వెనక నుంచి, నేలకి దగ్గరగా, ఇంగ్లీషులో, ఊపిరంత మెల్లగా, "నిత్యా, నీకేం కాలేదుగా?" అని వినిపించింది. లేదు మిస్ అంది. ఇంకేదో చెప్పాలి. జులై ఇరవై అయిదు గురించి, ఒక్క వారం గురించి. తలుపు మీద చెయ్యి పెట్టింది, తెల్ల అయిదు వేళ్ళు పడ్డాయి, అమ్మ వెంటనే కొంగుతో తుడిచేసింది. "ఇలాంటివి వద్దు. ఇకపైన మనం ఏం చేసినా రోజూ చేసేదిలా ఉండాలి." అమ్మ వసారా అంతా చూస్తోంది, వంటింట్లో ఏముంది ఏం లేదు అని చూసినట్టు. "మళ్ళీ వచ్చినవాడు ఇదే ఆయనైతే, ముగ్గుల కోసమే చూస్తాడు. ఒక్క పూట మానేసినా అడుగుతాడు. అన్నిటి ముందూ పొద్దున్నే పడాలి, రోజూ."

రోజూ. నిత్యకి ఆ మాట లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. గురువారం మనవాళ్ళని దేశం దాటించే బస్సులున్నాయి. నాన్న పొద్దున్నుంచి ఎంబసీ ముందు లైన్లో నిలబడింది అందుకే. బస్రా, బాగ్దాద్, అమ్మాన్, అక్కణ్ణుంచి విమానం బొంబాయికి, బొంబాయి నుంచి అమెరికాకి, పదో తారీఖుకి ఎలాగైనా, ఎలాగైనా. ఆ దారిని రాత్రుళ్ళు ఎన్నిసార్లు ప్రయాణం చేసిందో. కింద నాన్న చెప్పుల చప్పుడు. మెట్లు ఎక్కుతూనే చెప్తున్నాడు, "దొరికాయి, అలివేలూ, మూడూ దొరికాయి, గురువారం పొద్దున ఆరింటికి," రెండో అంతస్తు విరిగిన తలుపు దగ్గర మాట ఆగింది, తర్వాత చెప్పులు పరిగెత్తాయి. వచ్చాడు. వసారా చూశాడు, మనుషుల్ని లెక్కపెట్టాడు, ఎడమ తలుపు మూసే ఉండటం చూశాడు. మూడు కాగితాలు ఇంకా పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. అమ్మ నిత్య వంక చూసి, నువ్వే చెప్పు అన్నట్టు మొహం తిప్పుకుంది. మనం వద్దు, నువ్వు వెళ్ళు అని అమ్మ అంటుందేమోనని నిత్య ఎదురుచూసింది. అమ్మ అనలేదు. అడిగితే మాత్రం అంటుంది. అడిగితే నాన్న కూడా అంటాడు. తలుపు వెనక మనిషీ అంటుంది, అందరికంటే ముందు. ఎవరూ ఆపరు. ఒక్క మాట చాలు, జులైలో మైదానంలో లాగే.

"నాన్నా, అందులో రెండు ఖుద్దూస్ అంకుల్ వాళ్ళకిచ్చెయ్యి" అంది నిత్య. "మూడోది కూడా ఎవరికైనా."

నాన్న కాగితాలు దించాడు. మెట్టు మీద కూర్చున్నాడు, ఎంబసీ ఎండకి కమిలిన మెడ తుడుచుకున్నాడు. "పదో తారీఖు కదమ్మా నీది."

"అవును."

"మళ్ళీ పెట్టరన్నావు."

"పెట్టరు."

ఆయన తలూపి, కాగితాలు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెంచల్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పగిలిన తలుపుకి అడ్డం పెట్టడానికి చెక్కలు వెతుకుతానని కిందికి దిగాడు. అమ్మ గిన్నెలో మిగిలిన పిండిని చూపుడువేలితో తూచినట్టు కదిపింది, పొదుపుగా వాడితే ఎన్నాళ్ళొస్తుందో లెక్కేసుకుంటూ, ఆ తర్వాత చీపురు తీసుకుని బూట్ల తెల్ల గుర్తులన్నీ ఊడ్చేసి, కూర్చోమని నేల చూపించింది. నిత్య కూర్చుంది. "చుక్కలు పెట్టేప్పుడు ఊపిరి బిగబట్టకు" అంది అమ్మ. "రేపు తొమ్మిది చుక్కలది నేర్పుతాను."